నిద్ర లేచిన మిషనుకు పేరెవరు చెబుతారు

2022 ఏప్రిల్ 4న కొవ్వూరు జిల్లా మారింది. ఊరు బెత్తెడు కూడా కదల్లేదు. గోష్పాద క్షేత్రం రేవు, రైల్వే స్టేషను, వంతెనలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ముందురోజు రాత్రి దాకా పశ్చిమ గోదావరి, తెల్లారేసరికి రాజమహేంద్రవరం కేంద్రంగా తూర్పు గోదావరి. నదికి పడమటి గట్టున కూర్చున్న ఊరు తూర్పు గోదావరి కావడం ఛలోక్తికి బాగా పనికొస్తుంది గానీ, రెవెన్యూ లెక్కల్లో ఈ ప్రాంతానికి ఇలాంటివి కొత్త కాదు. ఒకప్పుడు రాజమండ్రి జిల్లా. 1859లో గోదావరి జిల్లా. 1904లో ఏలూరు, తణుకులతో పాటు కృష్ణా జిల్లాలోకి వెళ్లింది. 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడితే అందులోకి వచ్చింది.

ఇన్ని మారినా కొన్ని మారలేదు. కొవ్వూరు పిన్ కోడ్ ఇప్పటికీ 534350. మొదటి మూడంకెలు పాత పశ్చిమ గోదావరివి. తపాలా శాఖకు 2022 నాటి జీవోతో నిమిత్తం లేదు. టెలిఫోన్ ఎస్టీడీ కోడ్ 08813. వంతెన దాటి రాజమండ్రిలో దిగితే 0883, పిన్ 533తో మొదలు. రైల్వేకి మాత్రం ఈ ఊరు మూడక్షరాలు: కేవీఆర్.

ఊరొక్కటే, రిజిస్టర్లు నాలుగు. ఒక్కో రిజిస్టరుకు ఒక్కో గుమాస్తా, ఒకరు మార్చింది రెండోవారికి తెలియదు. కంప్యూటర్లకు హోస్ట్‌నేమ్, అంటే మిషను పేరు, పడే పద్ధతి చరిత్రంతా ఈ తగువే. రాత్రి షట్‌డౌన్ చేసేటప్పుడు సర్వర్‌కు ఒక పేరుంటుంది, పొద్దున ఆన్ చేసి నెట్‌వర్క్ లేవగానే తెర మీద ఇంకో పేరు కనబడుతుంది. లేదా ఏ పేరూ లేకుండా లోకల్‌హోస్ట్ అని మొండిగా కూర్చుంటుంది. సిస్టమ్ అడ్మిన్ తల గోక్కుంటాడు. ఆ పేరు మిషను లోపల పుట్టింది కాదు, ఎవరో చెప్పింది. ఎవరు చెప్పారన్నదే తేల్చుకోవాలి. ఈ ప్రశ్న కంప్యూటర్ల కంటే పాతది. కొవ్వూరు దాన్ని రైలు కట్ట మీదే చూసింది.

బెజవాడ నుంచి కటక్ దాకా ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే లైను 1893కి, 1896కి మధ్య ముక్కలు ముక్కలుగా తెరుచుకుంది. అన్ని ముక్కలూ అతికాయి గానీ గోదావరి దగ్గర తెగింది. దక్షిణం నుంచి వచ్చిన బండి కొవ్వూరు గట్టున ఆగేది. జనం పడవల మీద ఏరు దాటి అవతలి ఒడ్డున మళ్లీ రైలెక్కేవారు. 1897 నవంబరు 11న వంతెన పని మొదలైంది. కాశీ దగ్గర గంగ మీద డఫరిన్ వంతెన కట్టిన గ్రాన్‌విల్ వాల్టన్‌కే ఈ పనీ అప్పగించారు. 56 ఖానాలు, ఒక్కోటి 150 అడుగులు. 1900 ఆగస్టు 6న గూడ్సు బండ్లు, అదే నెల 30న ప్రయాణికుల బండ్లు నడిచాయి. అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హేవలాక్ పేరు దానికి పెట్టారు. 1974లో రోడ్డు కమ్ రైలు వంతెన, 1997లో ఆర్చి వంతెన వచ్చి పక్కన నిలబడ్డాయి. 1997లోనే హేవలాక్ వంతెనకు సెలవిచ్చారు.

ఆ రోజుల్లో పట్టాల వెంబడే తంతి తీగ నడిచేది. ఒకే తీగ మీద వరసగా స్టేషన్లు తగిలించి ఉండేవి. ఎవరు కీ నొక్కినా ఆ తీగ మీదున్న అందరి దగ్గరా సౌండరు టకటకలాడుతుంది. స్టేషన్‌లో సిగ్నలర్ ఆ మోతనంతా వింటూ తన పని తాను చేసుకుంటాడు. తన స్టేషన్ కోడ్ చెవిన పడితేనే చెయ్యి కీ మీదికి వెళ్తుంది. కాబట్టి తీగ మీదికి ఎక్కిన ప్రతి స్టేషనుకూ ఒక పొట్టి పేరు కావాలి. అది ఇంకెవరికీ ఉండకూడదు, తప్పు వినబడకూడదు. రైల్వే అక్షరాల కోడ్‌లకు మూలం ఆ అవసరమే. కేవీఆర్‌ను మోర్స్‌లో కొడితే గీత చుక్క గీత, మూడు చుక్కలు గీత, చుక్క గీత చుక్క. ఏలూరు కోడ్ ఈఈ. మోర్స్‌లో ఈ అక్షరం ఒక్కటంటే ఒక్క చుక్క. అంటే చుక్క, కాస్త ఎడం, ఇంకో చుక్క, అంతే ఏలూరు. దేశంలో ఇంత చవగ్గా పిలవగలిగే స్టేషను ఇంకోటి దొరకడం కష్టం.

స్టేషన్ మాస్టరు తన కోడ్ తాను పెట్టుకోడు. పై ఆఫీసు ఇస్తుంది, అక్షరక్రమ జాబితాలో అచ్చవుతుంది, అక్కడితో సరి. బెజవాడ విజయవాడై తరాలు గడిచాయి, కోడ్ ఇప్పటికీ బీజెడ్ఏ. కాకినాడ టౌన్ సీసీటీ, పోర్టు సీఓఏ. కొకనాడ అనే పాత ఇంగ్లీషు స్పెల్లింగు వాటిలో ఇంకా బతికే ఉంది. 2015లో రాజమండ్రి రాజమహేంద్రవరం అయినా ఆర్‌జేవై అలాగే ఉంది. అప్పుడప్పుడు మాత్రం బోర్డుతో పాటు కోడూ మారుతుంది. వాల్తేరు స్టేషన్ విశాఖపట్నం అయ్యాక పాత కోడ్ పోయి వీఎస్‌కేపీ వచ్చింది. మనుషులు పిలిచే పేరు ఎన్నిసార్లు మారినా యంత్రాంగం వాడే పేరు జోలికి ఊరికే పోకూడదన్న తెలివి ఇందులో ఉంది. ఆ తెలివి కంప్యూటర్లవాళ్లకు చాలా ఆలస్యంగా పట్టుబడింది.

తంతి తర్వాత కంట్రోలు ఫోను వచ్చింది. సెక్షన్ కంట్రోలరు ఒక్కడు, లైను ఒక్కటి, దాని మీద బోలెడు స్టేషన్లు. కంట్రోలరు ఒక స్టేషన్ కోడ్ కొడితే ఆ స్టేషన్ గంట ఒక్కటే మోగాలి. ఆ కోడ్ రెండు చోట్ల ఉంటుంది, కంట్రోలు దగ్గర జాబితాలోనూ, స్టేషన్‌లోని పరికరంలోనూ. చెడిపోయిన పరికరం తీసి కొత్తది పెట్టినవాడు కోడ్ సరిగ్గా బిగించకపోతే పిలుపు ఒకరికి, గంట ఇంకొకరికి. డేటా సెంటర్లో కాలిపోయిన మిషను బదులు కొత్తది పెట్టి, పాత పేరు ఎక్కించడం మరిచిపోయినవాడి అవస్థ కూడా ఇదే.

ఇక కంప్యూటర్ల సంగతి. 1969 అక్టోబరు 29న ఆర్పానెట్ మీద లాస్ ఏంజెలెస్ నుంచి స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌కు తొలి సందేశం వెళ్లినప్పుడు మిషన్లకు నెంబర్లే. లాస్ ఏంజెలెస్ ఒకటి, స్టాన్‌ఫర్డ్ రెండు, శాంటా బార్బరా మూడు, యూటా నాలుగు. మనుషులు నెంబర్లు గుర్తుపెట్టుకోలేరు కాబట్టి ఎవరికి వారు తమ మిషన్లో ఒక జాబితా రాసుకున్నారు. ఒకే మిషనును ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా పిలిచారు. 1971లో పెగ్గీ కార్ప్ ఆర్‌ఎఫ్‌సీ 226 అనే పత్రంలో, అందరూ ఒకే పొట్టి పేర్లు వాడదామని ప్రతిపాదించింది. 1973 డిసెంబరులో పీటర్ డాయిష్ ఇంకో అడుగు ముందుకేసి, ఎవరి జాబితా వాళ్లు రాసుకోవడం దండగ, ఒకచోట ఒక ఫైలు ఉంచితే అందరూ దించుకుంటారన్నాడు. అదే హోస్ట్స్ డాట్ టెక్స్ట్ ఫైలైంది. స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ ఫైన్లర్ నడిపిన నెట్‌వర్క్ ఇన్ఫర్మేషన్ సెంటర్ దాన్ని చూసుకునేది. కొత్త మిషను నెట్‌వర్క్ ఎక్కాలంటే ఆ ఆఫీసుకు చెప్పాలి. వాళ్లు ఫైల్లో చేరుస్తారు, మిగతావాళ్లు మళ్లీ దించుకుంటారు. పూర్తిగా రైల్వే అక్షరక్రమ జాబితా పద్ధతే.

రైల్వేకి అది నిలబడింది. కొత్త స్టేషన్లు రోజూ పుట్టవు కదా. కంప్యూటర్లు రోజూ పుడతాయి. ఫైలు ఉబ్బింది, దించుకునేవాళ్లు పెరిగారు, ఒకరికి నచ్చిన పేరు ఇంకొకరు అప్పటికే తీసేసుకునేవారు. జాన్ పోస్టెల్ అడిగితే పాల్ మొకాపెట్రిస్ 1983 నవంబరులో డొమైన్ నేమ్ సిస్టమ్ (డీఎన్ఎస్)ను రాసిచ్చాడు. ఒకే పెద్ద రిజిస్టరు పోయి రెవెన్యూ పద్ధతి వచ్చింది. జిల్లావాడు జిల్లాకు, మండలంవాడు మండలానికి బాధ్యుడు. రెండు ఊళ్లకు ఒకే పేరున్నా చిక్కు లేదు, పై మెట్టు వేరు. గోదావరి ఒడ్డున కొవ్వూరు, నెల్లూరు పక్కన కోవూరు, ఇంగ్లీషులో రాస్తే ఒక్క వీ తేడా. ఇలాంటి తికమకలకే శ్రీరామ్ భికాజీ వేలంకర్ 1972 ఆగస్టు 15న పిన్ కోడ్ తెచ్చాడు. 534 అంటే ఇది, 524 అంటే అది. డీఎన్ఎస్ చేసిందీ అదే, అంకెలకు బదులు మాటలతో. కాకపోతే మెట్ల పద్ధతికి ఒక జబ్బుంది. పై మెట్టు మారితే కింది పేరంతా మారుతుంది. ఆ అనుభవం కొవ్వూరు కంటే బాగా ఎవరికుంటుంది!

ఇదంతా లోకం ఒక మిషనును ఏమని పిలవాలన్న గొడవ. మిషను తనను తాను ఏమనుకుంటుంది అన్నది ఇంకో గొడవ. ఈ రెండూ వేరన్న సంగతి చాలామంది ఇంజనీర్లకు సర్వీసులో పదేళ్లు గడిచాక గానీ వంటబట్టదు.

1979 నాటి ఏడో వెర్షన్ యూనిక్స్‌లో మిషను పేరు ఒక హెడర్ ఫైల్లో ఉండేది. ఆ ఫైలు పేరు హూ యామ్ ఐ. ఆ పేరు అవసరమైన ప్రోగ్రాములు దాన్ని కలుపుకుని కంపైల్ అయ్యేవి. పేరు మార్చాలంటే ఫైలు దిద్ది మళ్లీ కంపైల్ చేయాలి. 1983లో బర్కిలీవాళ్ల 4.2 బీఎస్‌డీ వచ్చాక మిషను లేచేటప్పుడు నడిచే ఆర్‌సీ డాట్ లోకల్ స్క్రిప్టులో హోస్ట్‌నేమ్ అనే కమాండూ, పక్కన పేరూ రాస్తే చాలు. కెర్నల్ నిద్ర లేచినప్పుడు దానికి పేరు ఉండదు, ఆ వరస నడిచిన క్షణాన వస్తుంది. అప్పటినుంచి ఇప్పటిదాకా సూత్రం అదే. తేడా అల్లా ఆ వరసను ఎవరు నడుపుతారన్నదే.

చిక్కంతా డిస్కు లేని మిషన్లతో వచ్చింది. ఎనభైల నడుమ సన్ కంపెనీ డిస్క్‌లెస్ వర్క్‌స్టేషన్లు అమ్మింది. డిస్కు ఖరీదు ఎక్కువ, సర్వర్‌లో ఒకటి ఉంటే చాలన్న లెక్క. డిస్కే లేకపోతే పేరు రాసుకోవడానికి చోటేది? దానికి తెలిసింది తన నెట్‌వర్క్ కార్డు మీద ఫ్యాక్టరీలో కాల్చిన అంకె ఒక్కటే. 1984 జూన్‌లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీవాళ్లు రార్ప్ రాశారు. మిషను లేచి వైరు మీద అందరికీ వినబడేలా 'నా కార్డు నెంబరు ఇది, నా అడ్రసెంత?' అని అరుస్తుంది. జాబితా ఉన్న సర్వర్ జవాబిస్తుంది. ఆ తర్వాత బూట్‌పారమ్స్ అనే సర్వీసును 'నేనెవర్ని?' అని అడిగితే అది పేరు చెబుతుంది. ఆ ప్రశ్నకు ప్రోటోకాల్లో పెట్టిన పేరు కూడా హూ యామ్ ఐ. రమణ మహర్షి భక్తులకు నచ్చే విషయమే గానీ ఇక్కడ జవాబు లోపల దొరకదు, పక్క గదిలో సర్వర్ చెప్పాలి.

1985లో అదే పనికి బూట్‌పీ వచ్చింది. 1993లో రాల్ఫ్ డ్రోమ్స్ డీహెచ్‌సీపీ తెచ్చాడు, 1997 మార్చిలో అది ఆర్‌ఎఫ్‌సీ 2131గా స్థిరపడింది. సర్వర్ అడ్రసుతో పాటు రకరకాల వివరాలు ఇవ్వగలదు, ఒక్కోదానికీ ఒక నెంబరు. పేరుది 12. ఈ పన్నెండో నెంబరు దగ్గరే బుర్రలు బద్దలయ్యాయి. సర్వర్ మిషనుకు 'నీ పేరు ఇది' అని చెప్పడానికీ అదే వాడతారు, మిషను సర్వర్‌కు 'నా పేరు ఇది' అని చెప్పడానికీ అదే. ఎవరు ఎవరికి చెబుతున్నారో వైరు మీద చూస్తే గానీ తేలదు. కొన్ని ఆఫీసుల్లో మిషను చెప్పిన పేరును సర్వర్ డీఎన్ఎస్‌లో రాస్తుంది. మిషను ఎప్పుడో లోపల పేరు పోగొట్టుకుంటుంది. మళ్లీ లేచినప్పుడు డీఎన్ఎస్‌ను అడిగి, తాను ఎన్నడో చెప్పిన పాత పేరునే కొత్తగా తెలుసుకుంటుంది. ఊళ్లో పుకారు పుట్టించినవాడి చెవికే నాలుగు వీధులు తిరిగి చేరినట్టు.

తెలుగునాట ఈ యంత్రాల ముచ్చట రైల్వేతోనే పెద్దదైంది. 1985లో ఢిల్లీలో సీఎంసీ రాసిన ఇంప్రెస్ సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్ రిజర్వేషన్ మొదలైంది. తర్వాత బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాద్. ఐదు కేంద్రాలూ ఐదు దీవులు. రైల్వేవాళ్ల క్రిస్ సంస్థ రాసిన కాన్సర్ట్ సాఫ్ట్‌వేర్ తొలిసారి నడిచింది 1994 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో. 1999 ఏప్రిల్ నాటికి ఐదింటినీ కలిపారు. అప్పటినుంచి ఏ కౌంటర్లో కూర్చుని కేవీఆర్ కొట్టినా ఈ గోదావరి గట్టు స్టేషనే తగలాలి. తంతి నాటి పద్ధతి కాబట్టి తగిలింది కూడా. ఆ సాఫ్ట్‌వేర్ నడిచిన వీఎంఎస్ మిషన్లకు పేరు విషయంలో పట్టింపు జాస్తి. నోడ్ పేరు ఆరక్షరాలు దాటకూడదు, బూట్ పారామీటర్లలో ఉండాలి, లేచేటప్పుడే చదువుకోవాలి. నెట్‌వర్క్ వచ్చి చెప్పేదేమీ లేదు. పాతకాలపు పద్ధతని నవ్వుకోవచ్చు గానీ రాత్రికి రాత్రి పేరు మారిందన్న ఫిర్యాదుకు అక్కడ తావు లేదు.

1998 నవంబరులో రిజిస్ట్రేషన్ శాఖ కార్డ్ ప్రాజెక్టుతో సబ్ రిజిస్ట్రారు ఆఫీసుల్లోకి కంప్యూటర్లు వచ్చాయి. 2002 ప్రాంతంలో పశ్చిమ గోదావరి జిల్లాలో మండలాలకు ఈ-సేవ కేంద్రాలు చేరాయి. వాటిని మహిళా స్వయం సహాయక సంఘాలు నడిపాయి. 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ తెరిచిన ఇంటర్నెట్ కూడా ఆ కాలానికి చిన్న ఊళ్ల నెట్ సెంటర్లదాకా వచ్చేసింది.

ఆ నెట్ సెంటర్లలో, కాలేజీ ల్యాబుల్లో కనబడిన జబ్బు ఇంకో రకం. విండోస్ 98 మిషన్లకు పై ఆఫీసు లేదు. నెట్‌బయోస్ పద్ధతిలో ప్రతి మిషనూ లేచి, పదిహేనక్షరాల లోపు తన పేరును వైరు మీద చాటింపు వేస్తుంది. ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ఆ పేరు దానిదే. ఒక మిషనులో విండోస్ ఎక్కించి, ఆ డిస్కునే ఘోస్ట్ చేసి మిగతా వాటన్నిటిలోకి కాపీ కొట్టడం అప్పట్లో మామూలు పని, టైము కలిసొస్తుంది. పేరు కూడా కాపీ అవుతుందన్నది తర్వాత తెలిసేది. మొదట ఆన్ చేసిన మిషను హాయిగా పనిచేస్తుంది. రెండోది లేచేసరికి ఆ పేరు నెట్‌వర్కులో ఇప్పటికే ఉందని డబ్బా కనబడుతుంది. ఇవాళ ఈ మిషను బాగుండి రేపు అది బాగుండటం చూసి కుర్రాళ్లు వైరు మార్చేవారు, హబ్ మార్చేవారు. నిజానికి ముందెవరు లేచారన్నదే తేడా. విరుగుడుగా ల్యాబుల్లో సీపీయూ డబ్బాల మీద సిస్ 1, సిస్ 2 అని స్కెచ్ పెన్నుతో రాసి, లోపలా అదే పేరు పెట్టడం మొదలైంది. మళ్లీ స్టేషన్ కోడ్ పద్ధతే.

లైనక్స్ సర్వర్ల కథ ఇంకా మెలికలది. అసలు హోస్ట్‌నేమ్ వైద్యమంతా అక్కడే. రెడ్ హ్యాట్ 6 కాలం నాటి సర్వర్ ఒకటి ఒక ఆఫీసులో ఉందనుకోండి. కరెంటు పోయి వచ్చింది. కెర్నల్ లేచినప్పుడు పేరు శూన్యం. మొదటి స్క్రిప్టు సిస్‌కాన్ఫిగ్ ఫోల్డర్‌లోని నెట్‌వర్క్ అనే ఫైలు చదువుతుంది. అందులో హోస్ట్‌నేమ్ అని వరస ఉంటే ఆ పేరు పెడుతుంది, లేకపోతే లోకల్‌హోస్ట్. కాసేపటికి నెట్‌వర్క్ కార్డు లేస్తుంది. అప్పుడు ఇంకో స్క్రిప్టు ఒక చిన్న ప్రశ్న వేస్తుంది: ఈ మిషనుకు పేరు కావాలా? ఇప్పుడున్న పేరు శూన్యమో, లోకల్‌హోస్టో, లోకల్‌హోస్ట్ డాట్ లోకల్‌డొమైనో అయితేనే కావాలని లెక్క. అప్పుడు డీహెచ్‌సీపీ ఇచ్చిన పేరు తీసుకుంటుంది. అదీ రాకపోతే తన అడ్రసును డీఎన్ఎస్‌కు తిరగేసి పంపి, దీని పేరేంటని అడుగుతుంది.

పక్కపక్కన ఉన్న రెండు సర్వర్లలో ఒకదానికి డీహెచ్‌సీపీ పేరు పడి రెండోదానికి పడకపోవడానికి కారణం ఈ చిన్న ప్రశ్నే. రెండోదాంట్లో ఎవరో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఫైల్లో ఏదో పేరు రాసేశారు. రాసి ఉన్న పేరు ముందు నెట్‌వర్క్ నోరు లేవదు. చాలామంది అప్పుడు డీహెచ్‌సీపీ సర్వర్‌ను తిట్టుకుంటూ దాని కాన్ఫిగరేషన్ అంతా తిరగేస్తారు. తప్పు అక్కడ లేదు.

ఒక్కోసారి నిజంగా అక్కడే ఉంటుంది. ఐఎస్‌సీ డీహెచ్‌సీపీ సర్వర్‌లో ఒక్కో మిషనుకు ఒక పద్దు రాసి, పద్దుకు పేరు పెడతారు. చూసినవాళ్లు ఆ పేరే మిషనుకు వెళ్తుందనుకుంటారు. వెళ్లదు. యూజ్ హోస్ట్ డిక్ల్ నేమ్స్ అనే వరసను ఆన్ చేస్తేనో, పన్నెండో ఆప్షన్ విడిగా రాస్తేనో గానీ వెళ్లదు. గుమాస్తా రిజిస్టరులో రాసుకున్నాడు, పైకి చదవమని అతనికి ఎవరూ చెప్పలేదు.

అడ్రసు చెప్పి పేరు అడిగే రివర్స్ లుకప్ సంగతి మరీ విచిత్రం. పేరు నుంచి అడ్రసు చెప్పే రిజిస్టరు డొమైన్ సొంతదారు చేతిలో ఉంటుంది. అడ్రసు నుంచి పేరు చెప్పే రిజిస్టరు ఆ అడ్రసు గుత్తగా ఉన్నవాడి చేతిలో ఉంటుంది. ఇద్దరూ ఒకరే కానక్కర్లేదు. ఎప్పుడో పాత మిషనుకు ఈ రెండో రిజిస్టరులో రాసిన పద్దును, అంటే పీటీఆర్ రికార్డును, ఎవరూ చెరపరు. కొత్త మిషను ఆ అడ్రసుతో లేచి, పోయినవాడి పేరు పెట్టుకుని తిరుగుతుంది. మ్యాక్ ల్యాప్‌టాప్‌ల వాళ్లకు ఈ వింత బాగా ఎరుక. ఇంట్లో టెర్మినల్ తెరిస్తే ఒక పేరు, ఇంకో ఆఫీసు వైఫై తగిలాక ఎవరిదో పేరు. సొలారిస్ మాత్రం దాపరికం లేనిది. డీహెచ్‌సీపీ పేరు చెప్పకపోతే తన పేరు అన్‌నోన్ అని పెట్టుకునేది. ఒక ఫ్లోరులో నాలుగు సొలారిస్ మిషన్లు ఉంటే నలుగురూ అజ్ఞాతులే.

పేరు పడకపోతే వచ్చే నష్టాలు పేరు దగ్గర కనబడవు, ఎక్కడో దూరంగా కనబడతాయి. సర్వర్ బూట్ అవుతూ సెండ్‌మెయిల్ దగ్గర నిమిషాల తరబడి ఆగిపోతే మెయిల్ చెడిందనుకుంటారు. అది తన పేరును తానే డీఎన్ఎస్‌లో వెతుక్కుంటూ జవాబు కోసం కాచుకుని ఉంటుంది. సిస్‌లాగ్ పేరు రాకముందే లేస్తే, పేరు వచ్చాక కూడా లాగులన్నీ లోకల్‌హోస్ట్ పేరు మీదే రాస్తుంది. గ్రాఫికల్ తెర మీద పనిచేస్తుండగా డీహెచ్‌సీపీ పేరు మార్చేస్తే, తెరిచిన విండోలు తెరిచినట్టే ఉండి కొత్త విండో ఒక్కటి తెరుచుకోదు. ఎక్స్‌ఆథ్ అనే తాళంచెవి పాత పేరు మీద ఉంటుంది కాబట్టి. ఇలాంటి బాధలు పడలేకే డెబియన్‌వాళ్లు హోస్ట్స్ ఫైల్లో 127.0.1.1 అనే అడ్రసు పక్కన మిషను పేరు రాసే ఏర్పాటు పెట్టుకున్నారు. నెట్‌వర్క్ ఉన్నా లేకపోయినా మిషను తన పేరును తన ఇంట్లోనే వెతుక్కుంటుంది.

రెండు నెట్‌వర్క్ కార్డులున్న సర్వర్ అయితే అసలు మజా. ఏ కార్డు ముందు లేస్తే ఆ వైపు నుంచి పేరు వస్తుంది. రెండోది లేచేసరికి పేరు అప్పటికే ఉంది కాబట్టి దాని మాట చెల్లదు. స్విచ్ ఒకవైపు ఆలస్యంగా లేచిన రోజు పేరు మారుతుంది. మళ్లీ రీస్టార్ట్ చేస్తే బాగుంటుంది. 'ఒక్కోసారి అవుతుంది, ఒక్కోసారి అవ్వదు' అన్న ఫిర్యాదు వింటే పాతకాపులు ముందు కార్డుల వరస చూస్తారు. ఆ తర్వాత ఫైలు, ఆ తర్వాత డీహెచ్‌సీపీ లీజు ఫైల్లో హోస్ట్‌నేమ్ వరస వచ్చిందో లేదో, ఆ తర్వాత పీటీఆర్. చివరికి లాగుల్లో ఏ సెకనులో పేరు మారిందో, దానికి ముందు సెకనులో ఏ సర్వీసు లేచిందో. ఆ రెండు వరసలు పక్కపక్కన దొరికితే దొంగ దొరికినట్టే.

ఇప్పటి లైనక్సుల్లో సిస్టమ్‌డీ వచ్చి పేర్లను మూడు చేసింది. స్టాటిక్ అంటే ఫైల్లో రాసింది. ట్రాన్సియెంట్ అంటే నెట్‌వర్క్ చెప్పింది, రీస్టార్ట్ చేస్తే పోతుంది. ప్రెట్టీ అంటే మనుషుల కోసం. దాంట్లో ఖాళీలు, కామాలు ఉన్నా ఫరవాలేదు. హోస్ట్‌నేమ్‌సీటీఎల్ అని కొడితే ఎవరు చెప్పింది ఏదో విడివిడిగా కనబడుతుంది. స్టాటిక్ పేరు ఉంటే ట్రాన్సియెంట్‌కు చెల్లుబాటు లేదన్న పాత నియమం మాత్రం అలాగే ఉంది. మూడు రిజిస్టర్లు ఉన్నాయని దాచకుండా ఒప్పుకోవడం దీని గొప్ప. దశాబ్దాలుగా ఒకటే పేరున్నట్టు నటించడం వల్లనే సగం గందరగోళం.

2022 నవంబరులో అమెజాన్ తన హైదరాబాద్ రీజియన్‌ను తెరిచింది. దాని సంకేతం ఏపీ సౌత్ 2. అక్కడ మామూలుగా ఒక లైనక్స్ మిషను అద్దెకు తీసుకుంటే దాని పేరు ఐపీ అనే రెండక్షరాలు, వెనకే అడ్రసులోని నాలుగు సంఖ్యలు, మధ్య గీతలు. ఇలా పుట్టిన పేరు నచ్చక హోస్ట్‌నేమ్‌సీటీఎల్‌తో మార్చుకుంటారు. ఫైలు చూస్తే కొత్త పేరు ఉంటుంది, టెర్మినల్లో కొత్త పేరు ఉంటుంది. రీస్టార్ట్ చేస్తే కొన్నిసార్లు పాత ఐపీ పేరు మళ్లీ వచ్చి కూర్చుంటుంది. ఈసారి చెప్పేది డీహెచ్‌సీపీ కాదు, పీటీఆర్ కాదు, క్లౌడ్ ఇనిట్ అనే కొత్త గుమాస్తా. లేచిన ప్రతిసారీ అది అమెజాన్ మెటాడేటాను అడిగి స్టాటిక్ ఫైలునే తిరగరాయగలదు. ఈటీసీ కింద క్లౌడ్ ఫోల్డర్‌లో, క్లౌడ్ డాట్ సీఎఫ్‌జీ ఫైల్లో ప్రిజర్వ్ హోస్ట్‌నేమ్ అన్న వరస దగ్గర ఫాల్స్ తీసి ట్రూ అని రాయాలి. ఆ తర్వాత పెట్టిన పేరు రీస్టార్ట్‌కు కూడా చెక్కుచెదరదు.